కోరంగి మడ అడవిలో ఒక ఉదయము

కాకినాడనుండి యానాము పోవు బాటలో కోరంగి అను గ్రామము కలదు. నేడు ఆ దారిని పోవువారు ఆ పేరు విని తల త్రిప్పియైన చూడరు. కాని ఒకప్పుడు తూర్పు సముద్రముపై తిరుగు నావికులలో ఆ పేరు ఎరుగనివారు అరుదు. ఓడలు కట్టుటకును, దెబ్బతిన్న ఓడలను బాగుచేయుటకును అది పేరుపొందిన రేవు. ఈ తీరమునుండి ఓడలెక్కి బర్మాకు పోయిన తెలుగువారిని అచ్చటివారు ‘కోరంగీలు’ అనియే పిలిచెడివారు. ఒక ఊరి పేరు ఒక జాతికే పేరైనదన్నమాట!

అట్టి రేవు ఏమైనది? 1789 డిసెంబరులో వచ్చిన గాలివానలో మూడు పెనుకెరటములు ఒకదానివెంట ఒకటి లేచి ఊరిని ముంచివేసినవి. బ్రతికినవారు మరల ఇండ్లు కట్టుకొనిరి. 1839 నవంబరులో మరియొక ఉప్పెన వచ్చి రేవును రూపుమాపినది. మిగిలిన పనిని గోదావరియే పూర్తిచేసినది. ఏటేట వరదలు తెచ్చిన ఒండ్రు మొగలను పూడ్చగా, పెద్ద ఓడలు కాకినాడకు తరలిపోయినవి.

మనుష్యునికి అక్కరకు రాని ఆ బురదయే మడచెట్లకు పుట్టినిల్లు. నల్లమడ, తెల్లమడ, తిల్ల మొదలగు చెట్లు ఉప్పునీటిలోనే పెరుగును. బురదలో గాలి చొరదు గనుక మడచెట్ల వేళ్ళు సూదులవలె పైకి లేచి ఊపిరి పీల్చుకొనును. గౌతమీ గోదావరినుండి చీలిన కోరంగి, గాడేరు పాయల నడుమ ఈ అడవి వ్యాపించియున్నది. చిరకాలము దీనిని వంటచెరకునకు నరికిరి, పశువులను తోలిరి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చిన పిమ్మట, 1978లో సుమారు 235 చదరపు కిలోమీటర్ల ప్రదేశమును అభయారణ్యముగా ప్రకటించిరి. 1990ల చివరనుండి పాడైన తావులలో చేపముల్లు ఆకారమున కాలువలు త్రవ్వి, పోటునీటిని లోపలికి రానిచ్చి, గ్రామస్థుల సాయముతో మరల మడమొక్కలను నాటిరి.

ఈ చరిత్ర నంతయు చదివి, ఆ అడవిలోని ప్రాణులను దగ్గరనుండి చూడవలెనను కోరికతో మేము ఒకనాటి తెల్లవారుజామున చిన్న పడవలో బయలుదేరితిమి. పోటు నిండుగా నున్నది. చెట్ల మొదళ్ళన్నియు నీట మునిగియున్నవి. గంటసేపు చూచినను కొంగలును, ఒక లకుముకి పిట్టయు తప్ప మరేమియు కనబడలేదు. మాలో ఒకరు విసుగుతో, “ఇక్కడ జంతువులు నిజముగా ఉన్నవా?” అనిరి.

పడవవాడు నవ్వి, “మాటాడకండి బాబూ. నీరు తియ్యనివ్వండి. ఆకలేసి అయ్యే బయటికొత్తాయండి” అన్నాడు.

అతడన్నట్లే జరిగినది. ఆటు మొదలై నీరు తీయగా అడవికి తెర తొలగినట్లయినది. బురదపై ఒక చేయి పెద్దదిగాను, ఒక చేయి చిన్నదిగాను ఉన్న ఎఱ్ఱని పీతలు వేలకొలది వెలువడినవి. చేపలు కొన్ని రెక్కల ఊతముతో బురదపై గెంతులాడినవి. పీతలకొరకు ఒక నక్క గట్టువెంట మెల్లగా నడచివచ్చినది. ఒకచోట పిల్లిపాదముల వంటివే, అంతకు పెద్దవైన అడుగుజాడలు నీటిలోనికి దిగిపోయియున్నవి. అవి బావురుపిల్లివి. సామాన్యముగా పిల్లి నీటికి జడియును. ఇది నీట దుమికి చేపలను పట్టును. రాత్రివేళ తిరుగునది గనుక మాకు దాని జాడయే దక్కినది. 2018 నాటి గణనలో ఈ అడవిలో 115 బావురుపిల్లులు తేలినట్లు వార్తలు వెలువడినవి.

మలుపు దాటగానే నీటికుక్కల కుటుంబము కనబడినది. తల్లియు, రెండు పిల్లలును, ఇంకను రెండు పెద్దవియు గట్టుపై దొర్లుచు, తడి మేను నేలకు రుద్దుకొనుచున్నవి. తల్లి ఒక చేపను తెచ్చి పిల్లలముందు వేసెను. మాకు ఇరువది గజములు చాలలేదు. ఇంకను దగ్గరకు పోనిమ్మని పడవవానిని తొందరపెట్టితిమి. అతడు వలదనలేదు, గడతో ఒక్కసారి త్రోసెను. అంతే! తల్లి కీచుమని కూసినది. అన్నియు నీట మునిగినవి. తినని చేప బురదపై కొట్టుకొనుచున్నది. మేము అరగంట వేచియుంటిమి. అవి మరల రాలేదు.

పడవవాడు మమ్ము ఒక్క మాటయు అనలేదు. “మళ్ళీ పోటొచ్చేత్తంది బాబూ” అని మాత్రము పడవ త్రిప్పెను. పిల్లల నోటినుండి కూడు తీసితిమను సిగ్గు మాకు రేవు చేరువరకును తీరలేదు.

తిరిగి వచ్చుచుండగా పాత కోరంగి మరల జ్ఞప్తికి వచ్చినది. కెరటమునకు ఎదురుగా మనుష్యులు కట్టినది రెండు ఉప్పెనలలో పోయినది. కెరటమును లోనికి రానిచ్చి, పోనిచ్చి, ఆ ఆటుపోట్లతోనే బ్రతుక నేర్చిన మడ నిలిచినది. దానిని చూడబోవువారును ఆ పాఠమునే నేర్చుకొనవలెను. వన్యప్రాణిని దగ్గరనుండి చూచుట యనగా మనము దానికడకు పోవుట కాదు. అది తన పనిమీద వెలువడువేళ తెలిసికొని, దూరముగా ఊరకుండుట. కాకినాడ పరిసరములకు పోవువారు తీరిక చేసికొని ఈ అడవిని తప్పక చూడుడు. కాని బయలుదేరుటకు ముందు ఆటు ఎన్ని గంటలకో పడవవారినడిగి తెలిసికొనుడు. వారు పడవ నిలిపినచోట మీరును నిలువుడు.