ఒక గ్యాస్ బండలో ఎంత వేడి? పల్నాడు సున్నపు బట్టీ నుంచి మీ వంటింటి దాకా ఇంధనం లెక్క

గ్యాస్ బండ ఈసారి తొందరగా అయిపోయిందా? ఇండక్షన్ స్టవ్ కొంటే ఖర్చు తగ్గుతుందా? బాత్రూంలో గ్యాస్ గీజర్ పెట్టుకోవచ్చా? ఈ మూడు ప్రశ్నలకూ సమాధానం హైస్కూలు సైన్సు పుస్తకంలోని ఇంధనాల పాఠంలోనే ఉంది. పరీక్ష అయ్యాక మనం ఆ పాఠాన్ని వదిలేస్తాం. నెలనెలా బిల్లు మాత్రం దాని ప్రకారమే వస్తుంది. కొన్నిసార్లు ప్రాణాలకు ముప్పు కూడా అక్కడి నుంచే వస్తుంది. ఆ లెక్కలేంటో చూద్దాం.

సున్నపు బట్టీలో ఏం జరుగుతుంది?

పల్నాడు జిల్లాలో సత్తెనపల్లి నుంచి రాజుపాలెం, కొండమోడు మీదుగా పిడుగురాళ్ల వెళ్లారా? పిడుగురాళ్ల దగ్గర సున్నపు బట్టీలు కనిపిస్తాయి. ఆ ఊరికి లైమ్ సిటీ అనే పేరు వీటివల్లే వచ్చింది. వేడి, ఇంధనం గురించి తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

బట్టీలో సున్నపురాయిని, బొగ్గును కలిపి కాలుస్తారు. బొగ్గు కాలితే వేడి బయటికి వస్తుంది. ఇలాంటి చర్యను ఉష్ణమోచక చర్య అంటారు. దాదాపు 900 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆ వేడిని తీసుకుని సున్నపురాయి విడిపోతుంది. వేడిని లోపలికి తీసుకునే చర్య కాబట్టి ఇది ఉష్ణగ్రాహక చర్య. స్వచ్ఛమైన రాయి 100 కిలోలు కాలిస్తే 56 కిలోల పొడిసున్నం మిగులుతుంది. మిగతా 44 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా గాల్లో కలుస్తాయి.

ఆ సున్నం మీద నీళ్లు పోయండి. బుసబుస పొంగి, పొగలు కక్కుతుంది. అక్కడ మంట లేదు, బొగ్గూ లేదు. మరి ఆ వేడి ఎక్కడిది? బట్టీలో రాయి తీసుకున్న వేడిలో కొంత భాగం సున్నంలో రసాయన శక్తిగా దాగి ఉంది. నీళ్లు తగలగానే అది బయటికి వచ్చింది. కిలో సున్నం నీటితో కలిస్తే సుమారు 1,160 కిలోజౌళ్ల వేడి వస్తుంది. అది వృథా కాకపోతే నాలుగు లీటర్ల మామూలు నీటిని మరిగే దాకా తీసుకెళ్లగలదు. శక్తి కొత్తగా పుట్టదు, నశించదు, రూపం మార్చుకుంటుందన్న సూత్రం ఇదే.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఇంటి పనికి సున్నం తెప్పిస్తే తడి తగలని చోట, పిల్లలకు అందకుండా పెట్టండి. తడిపేటప్పుడు ముఖం దూరంగా ఉంచండి. పొడి ఒంటిమీద పడితే ముందు పొడిగుడ్డతో దులిపి, తర్వాత ధారాళంగా నీళ్లు పోయండి. కంట్లో పడితే కనీసం 15 నుంచి 20 నిమిషాలు ఆపకుండా నీటితో కడుగుతూ ఆసుపత్రికి వెళ్లండి. ఆలస్యమైతే చూపు పోయే ప్రమాదం ఉంది.

వేడి, ఉష్ణోగ్రత ఒకటేనా?

కాదు. ఒక వస్తువు ఎంత వేడెక్కిందో చెప్పే కొలత ఉష్ణోగ్రత. దాన్ని డిగ్రీల్లో కొలుస్తాం. వేడి, అంటే ఉష్ణం, ఒకచోట నుంచి మరోచోటికి వెళ్లే శక్తి. దాన్ని జౌళ్లలో గానీ, కెలోరీల్లో గానీ కొలుస్తాం. టీ గ్లాసులోని నీళ్లూ, పెళ్లి వంటల గుండిగలోని నీళ్లూ 100 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. ఉష్ణోగ్రత ఒకటే అయినా, గుండిగకు కావాల్సిన వేడి వందల రెట్లు ఎక్కువ. మీరు డబ్బు కట్టేది ఆ వేడికే.

ఏ ఇంధనంలో ఎంత వేడి ఉంది?

కిలో ఇంధనం పూర్తిగా కాలితే వచ్చే వేడిని కెలోరిఫిక్ విలువ అంటారు. సుమారు లెక్కలివి. ఒక మెగాజౌల్ అంటే పది లక్షల జౌళ్లు.

• ఎండిన కట్టెలు: కిలోకు 15 నుంచి 17 మెగాజౌళ్లు
• కట్టె బొగ్గు: కిలోకు సుమారు 29
• పెట్రోలు, డీజిల్: కిలోకు 43 నుంచి 45
• వంటగ్యాస్: కిలోకు సుమారు 46
• హైడ్రోజన్: కిలోకు సుమారు 120
• కరెంటు: ఒక యూనిట్‌కు 3.6

పచ్చికట్టెల్లో విలువ ఇంకా తగ్గుతుంది. వాటిలోని తడిని ఆవిరి చేయడానికే చాలా వేడి ఖర్చవుతుంది. అందుకే అవి మండటం కన్నా పొగ రావడం ఎక్కువ.

ఒక బండ ఎన్ని యూనిట్ల కరెంటుకు సమానం?

ఇంట్లో వాడే బండలో 14.2 కిలోల గ్యాస్ ఉంటుంది. 46తో గుణిస్తే సుమారు 653 మెగాజౌళ్లు. దాన్ని 3.6తో భాగిస్తే 181 యూనిట్లు. కానీ ఆ వేడంతా గిన్నెలోకి వెళ్లదు. గ్యాస్ పొయ్యి మీద మూడింట రెండొంతులే వంటకు పనికొస్తుంది. మిగతాది గిన్నె పక్కల నుంచి వంటింటి గాల్లోకి పోతుంది. అంటే మీకు నిజంగా దక్కేది సుమారు 120 యూనిట్లు.

ఇండక్షన్ స్టవ్‌లో దాదాపు 85 శాతం వేడి గిన్నెకు చేరుతుంది. కాబట్టి అదే వంటకు సుమారు 140 యూనిట్లు కావాలి. ఈ ఒక్క అంకె గుర్తుపెట్టుకోండి. మీ యూనిట్ ధరను 140తో గుణించి, బండ ధరతో పోల్చండి. యూనిట్ 6 రూపాయలు పడితే 840 రూపాయలు అవుతుంది.

అయితే ఒక మెలిక ఉంది. వాడకం పెరిగేకొద్దీ పై స్లాబులో యూనిట్ ధర కూడా పెరుగుతుంది. ఇండక్షన్ వల్ల అదనంగా కాలే యూనిట్లన్నీ మీ బిల్లులో చివరి స్లాబు ధరకే పడతాయి. కాబట్టి సగటు ధరతో కాకుండా ఆ చివరి స్లాబు ధరతో లెక్క వేయండి. గిన్నె అడుగుకు అయస్కాంతం అతుక్కుంటేనే అది ఇండక్షన్ మీద పనిచేస్తుంది. పాత గిన్నెలు మార్చాల్సి వస్తే ఆ ఖర్చూ కలపండి.

కట్టెల పొయ్యి సంగతి? మామూలు మట్టిపొయ్యిలో పదిహేను శాతం లోపే వేడి గిన్నెకు అందుతుంది. ఒక బండతో అయ్యే వంటకు రెండు క్వింటాళ్లకు పైనే కట్టెలు కావాలి. పొగ వల్ల ఊపిరితిత్తులకు జరిగే హాని దీనికి అదనం.

గ్యాస్ ఎక్కడ వృథా అవుతోంది?

లీటరు నీటిని 30 డిగ్రీల నుంచి మరిగే దాకా తేవడానికి సుమారు 293 కిలోజౌళ్లు చాలు. పొయ్యి మీద పోయేది కూడా కలుపుకుంటే అది 10 గ్రాముల గ్యాస్. అదే లీటరు నీరు పూర్తిగా ఆవిరి కావాలంటే మరో 2,260 కిలోజౌళ్లు, అంటే దాదాపు 75 గ్రాముల గ్యాస్ కావాలి. ఏడు రెట్లకు పైనే!

నీళ్లు మరిగాక మంట ఎంత పెంచినా ఉష్ణోగ్రత 100 డిగ్రీలు దాటదు. పప్పు తొందరగా ఉడకదు. ఆ అదనపు వేడి నీటిని ఆవిరిగా మార్చడానికే పోతుంది. రోజూ ఒక గ్లాసు నీరు ఇలా ఊరికే ఆవిరైతే 15 గ్రాములు పోయినట్టే. ఏడాదికి అది అయిదున్నర కిలోలు. మరగడం మొదలవగానే మంట తగ్గించండి, మూత పెట్టండి. ప్రెషర్ కుక్కర్లో పీడనం పెరిగి నీరు 120 డిగ్రీల దగ్గర మరుగుతుంది కాబట్టి తొందరగా ఉడుకుతుంది. అందులోనూ మొదటి విజిల్ తర్వాత సన్నమంట చాలు.

నీలి మంట, పసుపు మంట ఏం చెబుతాయి?

నీలి మంట అంటే గ్యాస్‌కు సరిపడా ఆక్సిజన్ అందుతోందని అర్థం. పసుపు మంట వస్తూ గిన్నెల అడుగు మసిబారుతోందా? ఇంధనం సగంసగం కాలుతోంది. డబ్బు మసిగా మారుతోంది. బర్నర్ రంధ్రాలు శుభ్రం చేయించండి.

సరిగా కాలకపోతే వచ్చే అసలు ప్రమాదం కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్ చేరాల్సిన చోటును అది ఆక్రమిస్తుంది. తలనొప్పి, మత్తు, ఆ తర్వాత స్పృహ తప్పడం. లేచి తలుపు తీసే ఓపిక కూడా ఉండదు.

కిలో వంటగ్యాస్ కాలడానికి 15 కిలోలకు పైనే గాలి కావాలి. గీజర్‌లో పావుకిలో కాలితే మూడు ఘనపు మీటర్లకు పైగా గాలి ఖర్చవుతుంది. మన ఫ్లాట్లలోని చిన్న బాత్రూంలో ఉండే గాలే ఏడెనిమిది ఘనపు మీటర్లు. తలుపు వేసుకుని స్నానం చేస్తే ఏమవుతుందో ఊహించండి. గ్యాస్ గీజర్‌ను బాత్రూం బయట, గాలి ఆడేచోటే పెట్టించండి. చలికాలంలో మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని నిద్రపోవద్దు.

గ్యాస్ వాసన వస్తే?

వంటగ్యాస్‌కు సొంత వాసన లేదు. లీకైతే తెలియాలని ఘాటైన మెర్కాప్టన్ రసాయనాన్ని కలుపుతారు. ఈ గ్యాస్ గాలికన్నా బరువు. నేలమీద పరుచుకుంటుంది. గాలిలో సుమారు 2 నుంచి 9 శాతం మధ్య ఉన్నప్పుడు చిన్న నిప్పురవ్వ తగిలినా భగ్గుమంటుంది. స్విచ్‌లో వచ్చే రవ్వ కూడా చాలు.

• ఏ స్విచ్చూ వేయొద్దు, ఆపొద్దు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ కూడా వద్దు.
• పొయ్యి, దేవుడి దగ్గర దీపం, అగరుబత్తీ ఆర్పేయండి.
• రెగ్యులేటర్ ఆపి, తీసి, బండకు సేఫ్టీ క్యాప్ పెట్టండి.
• తలుపులు, కిటికీలు తెరిచి అందరినీ బయటికి పంపండి.
• బయటికి వచ్చాకే 1906కు ఫోన్ చేయండి. ఈ నంబర్ రోజంతా పనిచేస్తుంది.

గ్యాస్ అయిపోవస్తోందని బండను పడుకోబెట్టడం, వేడినీళ్లలో పెట్టడం మానుకోండి. లోపల ఉన్నది ద్రవం. అది చుట్టూ ఉన్న వేడిని తీసుకుని వాయువుగా మారి పైనుంచి వస్తుంది. పడుకోబెడితే ద్రవమే పైపులోకి వస్తుంది. అది వాయువైతే దాదాపు 250 రెట్లు పెరుగుతుంది. పొయ్యి దగ్గర పెద్ద మంట లేస్తుంది.

బండ తీసుకునేటప్పుడు ఏం చూడాలి?

• బరువు: బండ మీద ఖాళీ బరువు రాసి ఉంటుంది. దానికి 14.2 కలపండి. తూచి ఇమ్మని డెలివరీ మనిషిని అడిగే హక్కు మీకుంది. కిలో తగ్గితే వంద లీటర్ల నీరు మరిగించే వేడి పోయినట్టే.
• గడువు: బండ పైభాగంలో ఒక ఇంగ్లిష్ అక్షరం, ఏడాది ఉంటాయి. ఏ అంటే మార్చి, బీ అంటే జూన్, సీ అంటే సెప్టెంబర్, డీ అంటే డిసెంబర్. బీ-28 అంటే 2028 జూన్ లోపు ఆ బండకు పరీక్ష జరగాలి. ఆ తేదీ దాటి ఉంటే తీసుకోవద్దు.
• సీల్: తెరిచి ఉంటే వెనక్కి పంపండి. ఫోన్‌కు వచ్చిన డెలివరీ కోడ్‌ను బండ చేతికందాకే చెప్పండి.
• పైపు: ఐఎస్ఐ గుర్తున్న సురక్ష పైపునే వాడండి. అయిదేళ్లకోసారి మార్చండి.

ఆంధ్రప్రదేశ్‌లో 2024 నవంబర్ 1న మొదలైన దీపం-2 పథకం కింద అర్హులైన కుటుంబాలకు ఏడాదికి మూడు బండలు ఉచితం. ముందు డబ్బు కట్టి బండ తీసుకుంటే, తర్వాత ఆ మొత్తం బ్యాంకు ఖాతాలో పడేలా పథకాన్ని ప్రారంభించారు. డబ్బు జమ కాకపోతే మీ ఏజెన్సీలో అడగండి. పౌరసరఫరాల హెల్ప్‌లైన్ 1967.

ఇంటి కనెక్షన్‌తో గ్యాస్ ప్రమాదం జరిగితే చమురు కంపెనీలు తీసుకునే బీమా వర్తిస్తుంది. ప్రీమియం మీరు కట్టక్కర్లేదు. అలాంటప్పుడు వెంటనే ఏజెన్సీకి రాతపూర్వకంగా తెలియజేయండి. అనుమతి లేని పైపులు, పొయ్యిలు వాడి ఉంటే పరిహారం దగ్గర చిక్కులు వస్తాయి. ఈరోజే మీ పైపు మీద ముద్రించిన ఏడాది ఒకసారి చూసుకోండి.