కేబుల్ తీగ, కుటుంబ కలహం, ఒక కుల ధ్రువపత్రం



ఈ వారం కేబుల్ టీవీ చరిత్ర. మనకెందుకని దాటేయకండి, ఇందులో మనవాడొకాయన ఉన్నారు.

2011లో పార్లమెంటు కేబుల్ చట్టాన్ని సవరించింది. దేశమంతా అనలాగ్ నుంచి డిజిటల్‌కు మారాలి, ప్రతి కనెక్షన్‌కూ సెట్‌టాప్ బాక్స్ ఉండాలి. అనలాగ్‌లో ఆపరేటర్ చెప్పిందే కనెక్షన్ల లెక్క. బాక్స్ వస్తే ప్రతి ఇల్లూ లెక్కకొస్తుంది. ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నైలకు మొదట పెట్టిన గడువు 2012 జూన్ 30. దాన్ని అక్టోబర్ 31కి జరిపారు. కోల్‌కతాలో మమతా బెనర్జీ ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది. చెన్నైలో వ్యవహారం కోర్టుకెక్కింది, మార్పు ఏళ్ల తరబడి సాగింది.

చెన్నై ఎందుకు ఆగిందో తెలియాలంటే 2007కి వెళ్లాలి. అప్పట్లో తమిళనాడు కేబుల్ మీద మారన్ సోదరుల సుమంగళి కేబుల్ విజన్‌దే పెత్తనం. వాళ్లు ముఖ్యమంత్రి కరుణానిధికి మేనల్లుడి కొడుకులు. ఆ ఏడాది మే నెలలో కుటుంబంలో చిచ్చు రేగింది. వారసుడెవరన్న సర్వే వేసిన దినకరన్ పత్రిక మదురై ఆఫీసును తగలబెట్టారు. ముగ్గురు ఉద్యోగులు చనిపోయారు. కొన్ని నెలలకే ప్రభుత్వం సొంత కేబుల్ సంస్థ పెట్టింది. పేరు అరసు, అంటే ప్రభుత్వం.

దాని మేనేజింగ్ డైరెక్టర్‌గా పనిచేసిన ఐఏఎస్ అధికారి సి. ఉమాశంకర్ దళితుడు. అరసు తీగలు కోసేస్తున్నారన్న ఫిర్యాదులొస్తే బాధ్యులపై చర్య కోరారు. ఆయన్నే అక్కణ్నుంచి మార్చేశారు. 2008 డిసెంబరులో కుటుంబం రాజీపడింది, అరసు మూలనపడింది. 2010 జూలైలో ఆయన్ని సస్పెండ్ చేశారు. తప్పుడు కుల ధ్రువపత్రంతో ఉద్యోగం పొందారన్నది ఆరోపణ. సర్వీసులో చేరి ఇరవై ఏళ్లయ్యాక! అవినీతిని ప్రశ్నించినందుకే ఈ కక్ష అని ఆయన అన్నారు. నిరసనలు వచ్చాక కొద్ది వారాల్లోనే సస్పెన్షన్ ఎత్తేశారు.

2011లో జయలలిత గెలిచి అరసును లేపారు. నెలకు 70 రూపాయలకే కేబుల్. పేదవాడకు అది నిజమైన మేలు, కాదనను. కానీ డిజిటల్ లైసెన్సుకు 2012లో దరఖాస్తు పెడితే అది 2017 ఏప్రిల్‌లో గానీ రాలేదు. రాష్ట్ర ప్రభుత్వాలు ప్రసార పంపిణీలోకి రాకూడదన్నది ట్రాయ్ సిఫారసు. ఈలోగా అరసు అనలాగ్‌లోనే నడిచింది.

కేంద్రం, రాష్ట్రం గొడవ అని క్లాసులో తేల్చేస్తే నాకు చాలదు. ప్రసారాల మీద పట్టంతా ఢిల్లీదే కాకూడదన్న తమిళనాడు వాదనలో న్యాయముంది. అయితే ప్రజల సొమ్ముతో వేసిన తీగ ఒక ఇంటి కోపంతో పుట్టి, ఆ ఇంటి రాజీతో పడుకుంటే అది ప్రజల తీగ ఎట్లా అవుతుంది? దాన్ని ప్రజల ఆస్తిగా చూసిన అధికారి చివరికి తన కులాన్ని రుజువు చేసుకోవాల్సి వచ్చింది.

మనకూ ఇది దూరపు కథ కాదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2017లో ఫైబర్‌నెట్ తెచ్చింది, నెలకు 149 రూపాయలన్నారు. సర్కారు తీగ వద్దని నేననను. ధర ఒక్కటే అడిగి ఊరుకోకండి. బోర్డులో ఎవరున్నారు, కాంట్రాక్టులు ఎవరికి, ఆపరేటర్లలో మనవాళ్లెందరు? సమాచార హక్కు దరఖాస్తుకు పది రూపాయలు. విద్యార్థులు మొదలుపెట్టండి.