పారబోసిన నెత్తురులో దొరికిన జవాబు

"పెళ్ళయితే అదే తగ్గుతుంది, ఒక కాన్పయిందంటే ఇక జాడ కూడా ఉండదు." ముట్టునొప్పితో మెలికలు తిరిగే ఆడపిల్లకు తెలుగిళ్ళలో పెద్దవాళ్ళు చెప్పే ఓదార్పు ఇది. అమ్మమ్మల మాటే అనుకుంటాం గానీ, దీని వయసు రెండువేల ఏళ్ళ పైమాటే. నెత్తురు బయటికి రాలేక లోపల నిలిచిపోవడమే ఎన్నో స్త్రీ వ్యాధులకు మూలమనీ, పెళ్ళీ గర్భమూ దానికి మందనీ హిప్పోక్రటీస్ పేరిట వచ్చిన గ్రీకు గ్రంథాలు చెప్పాయి. కాన్పు తర్వాత చాలామందికి నొప్పి తగ్గే మాట నిజమే. అయితే దాన్నే వైద్యమనుకోవడం దగ్గర పొరపాటు జరిగింది.

చరకుడి చూపు ఇంకాస్త నిశితం. ఆయన సంహితలో ఇరవై రకాల యోనివ్యాపత్తులు, అంటే స్త్రీ జననాంగ రుగ్మతలు, ఉన్నాయి. వాటిలో ఉదావర్తిని ఒకటి. కిందికి పోవాల్సిన వాయువు ఎదురుతిరగడం వల్ల ముట్టునెత్తురు కష్టం మీద వెలువడుతుందనీ, అది వెలువడగానే ఆమెకు ఉపశమనం కలుగుతుందనీ వర్ణన. వాతం సంగతి ఎలా ఉన్నా, ఆ చివరి ముక్క రోగిని అడిగి తెలుసుకున్నవాడు రాసినట్టే ఉంటుంది.

అడగని వైద్యం ఎలా ఉంటుందో పంతొమ్మిదో శతాబ్దం చూపించింది. గర్భసంచి ముఖద్వారం తిన్నగా, తగినంత వెడల్పుగా ఉంటే నొప్పే ఉండదని 1866లో అమెరికన్ శస్త్రవైద్యుడు మారియన్ సిమ్స్ తేల్చేశాడు. ఇరుకుగా ఉంటే కోసి వెడల్పు చేయడమే! 1872లో జార్జియా రాష్ట్రంలో రాబర్ట్ బ్యాటీ ఇంకో అడుగు ముందుకేసి, అండాశయాలనే తీసేయడం మొదలుపెట్టాడు. బెర్లిన్ వైద్యుడు విల్‌హెల్మ్ ఫ్లీస్‌కైతే నొప్పి మూలం ముక్కులో కనిపించింది. అక్కడ కొకైన్ రాసేవాడు. 1895లో మనోవిశ్లేషకుడు ఫ్రాయిడ్ పంపిన ఎమ్మా ఎక్‌స్టీన్ అనే రోగి ముక్కుకు శస్త్రచికిత్స చేసి, గాజుగుడ్డ లోపలే మరిచిపోయాడు. మరో వైద్యుడు దాన్ని లాగినప్పుడు రక్తం ధారకట్టి, ఆమె చావు అంచుదాకా వెళ్ళొచ్చింది.

వైద్యులకు జడిసిన ఆడవాళ్ళు సీసా మందుల వైపు తిరిగారంటే వింతేముంది? మసాచుసెట్స్‌లో లిడియా పింకమ్ 1875లో అమ్మకం మొదలుపెట్టిన మూలికల కషాయం ఇంటింటికీ చేరింది. అందులో ఆల్కహాల్ దాదాపు 18 శాతం.

ఇరవయ్యో శతాబ్దం సగం గడిచేదాకా చాలామంది వైద్యులు ముట్టునొప్పిని మనసుకు సంబంధించిన జబ్బుగానే చూశారు. ఆడతనాన్ని ఒప్పుకోలేని స్త్రీకే నొప్పి వస్తుందన్నారు. అసలు సాక్ష్యం మాత్రం నెలనెలా పారబోతకు పోతూనే ఉంది. ముట్టునెత్తురును మైల అని మనం దూరం పెట్టాం, ప్రయోగశాలలూ దాన్ని పెద్దగా ముట్టుకోలేదు. బ్రిటన్ శరీరధర్మ శాస్త్రవేత్త వి. ఆర్. పికిల్స్ ముట్టుకున్నాడు. కండరాన్ని ముడుచుకునేలా చేసే పదార్థం అందులో ఉందని 1957లో ప్రకటించాడు. ఆ పదార్థం ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలని తేలింది. నొప్పి ఉన్నవారిలో వాటి మోతాదు ఎక్కువని 1965 నాటికి ఆయన బృందం చూపింది.

ముట్టుకు ముందు ప్రొజెస్టిరాన్ హార్మోను పడిపోగానే గర్భసంచి లోపలి పొర ఈ ప్రోస్టాగ్లాండిన్లను వదులుతుంది. గర్భసంచి గట్టిగా పిండుకుంటుంది, రక్తనాళాలు నొక్కుకుపోతాయి, ప్రాణవాయువు అందక కండరం అల్లాడుతుంది. కొందరికి ఆ రోజుల్లో వాంతులూ విరేచనాలూ అయ్యేది కూడా వీటి వల్లే. ఆస్పిరిన్ వీటి తయారీని ఆపుతుందని 1971లో బ్రిటన్ ఔషధశాస్త్రవేత్త జాన్ వేన్ నిరూపించాక దారి తెరుచుకుంది. ఐబూప్రోఫెన్, మెఫెనమిక్ ఆసిడ్ ముట్టునొప్పి మాత్రలయ్యాయి. నొప్పి ముదిరాక కంటే మొదలవుతుండగానే వేసుకుంటే బాగా పనిచేయడానికి కారణం కూడా ఇదే, తయారయ్యాక ఆపేదేముంది?

మన మందుల షాపుల్లో చీటీ లేకుండానే అడిగి తీసుకునే మెఫ్టాల్-స్పాస్‌లో ఉన్న మందుల్లో ఈ మెఫెనమిక్ ఆసిడ్ ఒకటి. అరుదుగా అది తీవ్రమైన అలర్జీ తేగలదని 2023లో భారత ఫార్మకోపియా కమిషన్ హెచ్చరించింది. పొత్తికడుపు మీద వేడి కాపడం మాత్రం నేటికీ నిలిచింది. విడవకుండా సన్నని వేడి తగిలేలా చూస్తే అది ఐబూప్రోఫెన్‌కు తీసిపోదని 2001లో వచ్చిన ఒక అమెరికన్ అధ్యయనం చెప్పింది.

మాత్రకూ కాపడానికీ లొంగని నొప్పి వేరే ఉంది. గర్భసంచి లోపలి పొరలాంటి కణజాలం దాని బయట అండాశయాల మీదా, పేగుల మీదా పెరగడాన్ని అమెరికన్ వైద్యుడు జాన్ శాంప్సన్ 1920లలో ఎండోమెట్రియోసిస్ అన్నాడు. పేరు పెట్టి నూరేళ్ళయినా, ఆ జబ్బున్న ఆడపిల్ల చాలాసార్లు వైద్యుడి కంటే ముందు వినేది పెళ్ళి మాటే.