పరిగెత్తు, బోర్డు వదలకు

2001 డిసెంబరు. ఫిలడెల్ఫియా నడిబొడ్డు. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. ఎడమ కాలు స్కేట్‌బోర్డు మీద పెట్టి, కుడి కాలితో నేలను రెండుసార్లు గట్టిగా తోశావు. కింద గ్రానైట్ పలకలు. అతుకు దాటినప్పుడల్లా చక్రాలు టక్, టక్ మంటున్నాయి. వేగం పెరిగేకొద్దీ ఆ చప్పుడు దగ్గరదగ్గరగా వస్తోంది. అదే కావాలి నీకు.

ఇది లవ్ పార్క్. కాగితాల మీద జాన్ ఎఫ్. కెన్నెడీ ప్లాజా, కానీ ఇక్కడ ఎవరి నోటా ఆ పేరు వినపడదు. రాబర్ట్ ఇండియానా చేసిన ఎర్రటి 'లవ్' అక్షరాల శిల్పం అటు చివర నిలబడి ఉంది, 'ఓ' ఒక పక్కకి ఒరిగి. పర్యాటకులు దాని ముందు జంటలుగా ఫొటోలు దిగుతున్నారు. నీ చూపంతా గ్రానైట్ అరుగు మీదే. దాని అంచున వేలు పెట్టి చూడు. జర్రున జారుతుంది. బోర్డు కింది ఇరుసు ఆగకుండా సాగాలని ఎవరో మైనం రుద్దారు. వేలికి నల్లటి జిడ్డు అంటింది. ఏళ్ల తరబడి ఇరుసులు రాసుకుని, ఆ అంచు ఎప్పుడో గుండ్రబడిపోయింది.

పక్కన ఇద్దరు కుర్రాళ్లు ఊడిన పలక ఒకదాన్ని లేపి ఏటవాలుగా నిలబెట్టారు. దాని ముందు చెత్తడబ్బా అడ్డంగా పడేశారు. పలక ఎక్కి, డబ్బా మీదుగా గాల్లోకి! 1960లలో ఈ ప్లాజా గీసిన విన్సెంట్ క్లింగ్, ఆఫీసు మనుషులు కూర్చుంటారనే అరుగులు వేశాడు. వాటి మీద స్టీవీ విలియమ్స్, జాష్ కాలిస్ లాంటి స్కేటర్లు పేరు తెచ్చుకున్నారు. స్టీవీ ఈ ఊరివాడే. నీ స్నేహితుడి ఇంట్లో ప్లేస్టేషన్‌లోనూ ఈ చోటుంది, 'టోనీ హాక్స్ ప్రో స్కేటర్ 2' ఆటలో. అక్కడ పడితే మోకాలు పగలదు, అంతే తేడా.

ఇంకో తేడా ఉంది. ఇక్కడ స్కేటింగ్ నేరం. నగర మండలి నిరుడే నిషేధించింది. అదే నగరం మొన్న ఆగస్టులో ఎక్స్ గేమ్స్ పోటీలని పిలిపించుకుని, టీవీ కెమెరాల ముందు స్కేటర్లకి చప్పట్లు కొట్టింది. వచ్చే ఏడాదీ కొడుతుంది. ఇదేం లెక్కో అడిగితే చెప్పేవాళ్లు లేరు.

ఈల. ఒక్కటే, పొడుగ్గా.

అరుగుల మీద కూర్చున్నవాళ్లంతా ఒక్కసారి లేచారు. 15వ వీధి వైపు నుంచి ఇద్దరు పోలీసులు వస్తున్నారు. మఫ్టీలో ఉన్నారు, కానీ ఆ నడక నీకు తెలుసు. దొరికితే జరిమానా. బోర్డు కూడా లాక్కుంటారు. ఈ బోర్డు కోసం శనివారాలన్నీ పిజ్జా కొట్లో అట్టపెట్టెలు మడిచావు.

ఎటు? వెనక సిటీ హాల్, రోడ్డు నిండా కార్లు. కిందికి దిగితే పార్కింగ్ గ్యారేజీ. ఈ పార్కంతా దాని కప్పే. ఆ మెట్ల దగ్గర మూడోవాడు నిలబడ్డాడు.

మిగిలింది ఫౌంటెన్. చలికాలం కదా, నీళ్లు తీసేశారు. కిందికి వెడల్పాటి మెట్లు. పైనుంచి వాటన్నిటినీ ఒక్క గెంతులో దాటి, ఎండిన అడుగున దిగాలి. ఫౌంటెన్ గ్యాప్ అంటే ఇదే. పెద్దవాళ్లు దాటుతుంటే చూశావు. దాటలేక పడ్డవాళ్లనూ చూశావు.

బోర్డు కాళ్లకి కట్టి ఉండదు. మరి నీతో ఎలా లేస్తుంది? వెనక కాలితో తోకను నేలకేసి కొట్టాలి. ముందు కాలిని పైకి ఈడవాలి. పాదాన్ని అంటిపెట్టుకుని బోర్డు లేస్తుంది. దీన్నే ఓలీ అంటారు. అర క్షణం ముందు కొట్టావా, మెట్ల మీద పడతావు. ఆలస్యం చేశావా, తలకిందులే.

"ఏయ్! ఆగు!"

తోశావు. మళ్లీ. టక్ టక్ టక్. అంచు వస్తోంది. మోకాళ్లు వంచు. ఇంకా. ఇంకా.

కొట్టు.

చప్పుడు లేదు. కింద మెట్లు. గాలి.

ధడ్!

నాలుగు చక్రాలూ ఆనాయి. తూలావు. అరచెయ్యి నేలకి గీసుకుంది. మండుతోంది. తర్వాత చూసుకోవచ్చు. బోర్డు అందుకో. అటు గట్టెక్కు. పరిగెత్తు!

ఈసారి నువ్వు దొరకలేదు. కానీ పార్కు దొరికిపోయింది. 2002లో మేయర్ జాన్ స్ట్రీట్ హయాంలో గ్రానైట్ బెంచీలు పోయి చెక్క బెంచీలు, గడ్డి, మొక్కల తొట్లు వచ్చాయి. ఆ అక్టోబరు 28న నువ్వు గుంపులో మునివేళ్ల మీద నిలబడి చూస్తున్నావు. తలకి హెల్మెట్ పెట్టుకున్న 92 ఏళ్ల పెద్దాయన్ని చెరో పక్కా పట్టుకుని బోర్డు ఎక్కించారు. ఎడ్మండ్ బేకన్. నటుడు కెవిన్ బేకన్ వాళ్ల నాన్న. 1949 నుంచి 1970 దాకా ఈ నగర ప్రణాళికా సంఘాన్ని నడిపినవాడు, కార్నెల్ విశ్వవిద్యాలయంలో చదువుకునే రోజుల్లోనే ఈ ప్లాజాని ఊహించినవాడు. నగరం చేసిన చట్టాన్ని నగరాన్ని దిద్దినవాడే అందరి ముందూ తొక్కేశాడు. ఆయన్ని మాత్రం ఎవరూ తరమలేదు. నీకు నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది.

2004లో డీసీ షూస్ కంపెనీ పార్కు నిర్వహణకి పది లక్షల డాలర్లు ఇస్తానంది. నగరం వద్దంది. 2016 ఫిబ్రవరిలో పార్కుని తవ్వేసే ముందు మేయర్ జిమ్ కెన్నీ కొద్ది రోజులపాటు నిషేధం ఎత్తేశాడు. చలి కొరికేస్తున్నా జనం విరగబడ్డారు. నీ మోకాళ్లు ఇప్పుడు మునుపటివి కావు. అయినా వెళ్లావు, వరసలో నిలబడ్డావు.

తవ్వి తీసిన గ్రానైట్‌లో కొంత సముద్రం దాటి స్వీడన్‌లోని మాల్మో చేరింది. అక్కడి నగరపాలక సంస్థకి స్కేటింగ్ వ్యవహారాలు చూసే ఉద్యోగే ఉన్నాడు. ఫిలడెల్ఫియా వద్దనుకున్న ఆ రాళ్లను వాళ్లు స్కేట్ చేసుకోవడానికే మళ్లీ పేర్చుకున్నారు.