ముప్పై శాతం ఆశీలు

2011 జులైలో యాపిల్ కంపెనీ ఉన్నతాధికారి ఫిల్ షిల్లర్ తన సహోద్యోగి ఎడ్డీ క్యూకి ఒక ఈమెయిల్ రాశారు. యాప్ స్టోర్‌లో మనం తీసుకుంటున్న 30 శాతం వాటా ఎల్లకాలం ఇలాగే నిలుస్తుందా అని అడిగారు. స్టోర్ మీద ఏడాదికి 100 కోట్ల డాలర్ల లాభం వస్తున్నప్పుడు వాటాను 25కో 20కో తగ్గించే సంగతి ఆలోచించవచ్చని సూచించారు. ఆ ఉత్తరం పదేళ్లపాటు కంపెనీ గడప దాటలేదు. 2021లో కాలిఫోర్నియాలోని ఓక్లండ్ కోర్టులో ఒక దావా నడిచినప్పుడు గానీ బయటపడలేదు. అప్పటికి షిల్లర్ చెప్పిన లాభం ఎప్పుడో దాటిపోయింది. పెద్ద కంపెనీలకు 30 శాతం మాత్రం 30 శాతంగానే ఉంది.

ఇంతకీ ఆ 30 ఎక్కడిది?

దాని మూలాలు వెతికితే ఫోన్ల కన్నా చాలా ముందు, జపాన్‌లో వీడియో గేముల దగ్గర తేలతాం. నింటెండో 1983లో ఫామికాం అనే ఆటల యంత్రాన్ని విడుదల చేసింది. దానికి ఆటలు తయారుచేస్తామని ముందుకొచ్చిన తొలి బయటి కంపెనీల్లో హడ్సన్, నామ్కో ఉన్నాయి. లైసెన్సుకు 10 శాతం, ఆట నింపిన క్యాట్రిడ్జి తయారీకి 20 శాతం, వెరసి 30 శాతం నింటెండోకి ముట్టేది. ఆ 20 శాతంలో ప్లాస్టిక్ ఉంది, చిప్పు ఉంది, ఫ్యాక్టరీ కూలీ ఉంది. ఈ మాట గుర్తుంచుకోవాలి. తర్వాతి తరం క్యాట్రిడ్జిని వదిలేసింది గానీ అంకెను వదల్లేదు.

1985లో అదే యంత్రాన్ని అమెరికాలో అమ్మడానికి బయల్దేరినప్పుడు నింటెండో అందులో ఒక తాళం చిప్పు పెట్టింది. అనుమతి లేని క్యాట్రిడ్జి పెడితే ఆట నడవదు. దానికి కంపెనీ చెప్పిన కారణం మరీ కొట్టిపారేయదగింది కాదు. రెండేళ్ల కిందటే నాసిరకం ఆటలు వెల్లువెత్తి అమెరికాలో గేముల మార్కెట్ కుప్పకూలింది. నాణ్యత కాపాడాలంటే గేటు దగ్గర మనిషి ఉండాలని వాదన. అయితే గేటు కట్టినవాళ్లు నాణ్యత దగ్గర ఆగలేదు. ఒక కంపెనీ ఏడాదికి ఐదు ఆటలకు మించి తేకూడదు, ఇక్కడ అమ్మిన ఆటను రెండేళ్లపాటు మరో యంత్రానికి ఇవ్వకూడదు అంటూ షరతులు వచ్చాయి. అటారీ గేమ్స్ ఆ తాళాన్ని బద్దలు కొట్టాలనుకుంది. కోర్టు వ్యాజ్యానికి కావాలని అబద్ధం చెప్పి, అమెరికా కాపీరైట్ కార్యాలయం నుంచి చిప్పు ప్రోగ్రామ్‌ను సంపాదించింది. 1992లో అప్పీలు కోర్టు కూడా అటారీనే తప్పుపట్టింది. నలభై ఏళ్లుగా ఈ కథలో వాదనలు ఇవే. గేటు కట్టినవాడు భద్రత అంటాడు, గేటు బయట ఉన్నవాడు దోపిడీ అంటాడు. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉండటమే న్యాయమూర్తులకు వచ్చిన చిక్కు.

2008 మార్చి 6న స్టీవ్ జాబ్స్ యాప్ స్టోర్ ప్రకటించినప్పుడు 70-30 వాటా ఎవరికీ దోపిడీగా కనిపించలేదు. ధర తయారీదారు ఇష్టం. సర్వర్ల ఖర్చు, కార్డు రుసుములు అన్నీ యాపిలే పెట్టుకుంటుంది. దుకాణం నడవడానికి ఆ 30 సరిపోతే చాలని, దీనిమీద లాభం చేసుకోవాలని లేదని జాబ్స్ ఆ ఏడాది చెప్పారు కూడా. మన దేశంలో కాలర్ ట్యూన్ల కాలం గుర్తున్నవాళ్లకి ఆ వాటా ఎంత ఉదారమో తెలుస్తుంది. సినిమా పాట పెట్టుకుంటే నెలకు 30 రూపాయల చొప్పున బ్యాలెన్సులోంచి పోయేవి. అందులో సింహభాగం టెలికాం కంపెనీకే. పాట హక్కుదారు, మధ్యలో సాంకేతిక పనులు చూసిన సంస్థ మిగిలింది పంచుకునేవి. అయితే 30 అన్నది అప్పుడూ దైవలిఖితం కాదు. జపాన్‌లో డొకోమో కంపెనీ 1999లోనే ఐ-మోడ్ పేరుతో ఫోన్లలో సేవలు అమ్మించి, బిల్లు వసూలు చేసిపెట్టినందుకు తీసుకున్నది 9 శాతం.

2008 జులై 10న 500 యాప్‌లతో స్టోర్ తెరుచుకుంది. తొలి వారాంతంలోనే కోటి డౌన్‌లోడ్లు. మొదట్లో యాప్ వెల మీదే వాటా. 2009లో యాప్ లోపల జరిగే కొనుగోళ్లు, 2011లో పత్రికల, పాటల చందాలు కూడా దాని కిందికి వచ్చాయి. గీత ఎక్కడ గీశారో చూడండి. స్విగ్గీలో దోసె తెప్పించుకుంటే యాప్ స్టోర్‌కు పైసా ఇవ్వనక్కర్లేదు. అదే ఫోన్‌లో డిజిటల్ పుస్తకం కొంటే 30 శాతం. దోసె డబ్బు ఏ కార్డుతోనైనా, యూపీఐతోనైనా భద్రంగానే చేరుతుంది కదా, పుస్తకం డబ్బుకు వచ్చిన ప్రమాదం ఏమిటి? దీనికి నమ్మదగిన జవాబు నాకు ఇంతవరకు కనిపించలేదు. కిండిల్ యాప్‌లో పుస్తకాల దుకాణానికి దారితీసే బటన్ 2011లోనే మాయమైంది. మా వెబ్‌సైట్‌లో తక్కువకే దొరుకుతుందని యాప్‌లో ఒక్క ముక్క రాయడానికి కూడా వీల్లేదన్న నిబంధనే అందుకు కారణం.

వారపు సంతలో ఆశీలు పాట పాడుకున్నవాడు గంపకింత, బండికింత అని వసూలు చేస్తాడు. రేపు మా ఇంటికి రండి, ఇంకాస్త తగ్గించి ఇస్తానని కూరగాయలామె కొనేవాడితో అంటే నోరు నొక్కడు. యాప్ స్టోర్ ఆ పనీ చేసింది. ఆ నిబంధన ధర ఎవరిదో చూడాలంటే 2023 ఫిబ్రవరిలో ట్విటర్ బ్లూ చందా మన దేశానికి వచ్చినప్పటి రేట్లు చాలు. వెబ్‌లో నెలకు 650 రూపాయలు, ఫోన్ యాప్‌లో 900. తేడా కట్టింది ట్విటరూ కాదు, యాపిలూ కాదు.

ఈ నిబంధన మీద మొదట గట్టిగా గొంతెత్తింది స్పాటిఫై. పాటల చందాలో తనకు పోటీగా సొంత మ్యూజిక్ సేవ నడుపుతూ, తన దగ్గరే వాటా తీసుకుంటోందని 2019 మార్చిలో ఐరోపా కమిషన్‌కు యాపిల్ మీద ఫిర్యాదు చేసింది. ఐదేళ్లకు, 2024 మార్చిలో యాపిల్‌పై 180 కోట్ల యూరోలకు పైగా జరిమానా పడింది. అసలు రభస మాత్రం ఎపిక్ గేమ్స్ అధినేత టిమ్ స్వీనీ చేశారు. 2020 ఆగస్టు 13న ఆయన కంపెనీ ఫోర్ట్‌నైట్ ఆటలో నేరుగా తనకే డబ్బు కట్టే బటన్ పెట్టి, అలా కట్టినవారికి 20 శాతం తగ్గింపు ఇచ్చింది. గంటల్లోనే యాపిల్, గూగుల్ రెండూ ఆ ఆటను తీసేశాయి. దావా పత్రాలు, యాపిల్ పాత ప్రకటనను వెక్కిరించే వీడియో అప్పటికే సిద్ధం. గెంటేస్తారని తెలిసి, గెంటించుకోవడానికే వెళ్లారన్నమాట.

యాపిల్ కేసులో న్యాయమూర్తి ఇవోన్ గోన్జాలెజ్ రోజర్స్ 2021 సెప్టెంబర్ 10న తీర్పు చెప్పారు. పది అభియోగాల్లో తొమ్మిదింట యాపిల్ గెలిచింది. ఆ విచారణలో తేలిన ఒక సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. యాప్ స్టోర్ రాబడిలో సుమారు 70 శాతం ఆటల నుంచే, అదీ వినియోగదారుల్లో పదో వంతు కూడా లేనివారి జేబుల్లోంచి అప్పట్లో వచ్చేది. అంటే పోరాటం నడిచింది ఆటకు అలవాటుపడిన కొద్దిమంది డబ్బు మీద. స్వీనీని బడుగు తయారీదారుల తరఫు వీరుడిగా చూసేవాళ్లు ఈ సంగతి మరవకూడదు.

ఎపిక్ గెలిచిన ఆ ఒక్క అంశం నోరు నొక్కే నిబంధనే. బయటి చెల్లింపుకు లింకు పెట్టుకోనివ్వాలని కోర్టు ఆదేశించింది. 2024 జనవరిలో సుప్రీంకోర్టు జోక్యానికి నిరాకరించాక యాపిల్ లింకు పెట్టుకోనిచ్చింది. దాని ద్వారా జరిగే అమ్మకాల మీద 27 శాతం అడిగింది! కార్డు ఖర్చు మరో మూడు శాతం కలిపితే మళ్లీ 30. పైగా లింకు నొక్కగానే బెదరగొట్టే హెచ్చరిక. తొలి నెలల్లో వేలాది డెవలపర్లలో పట్టుమని యాభై మంది కూడా ఆ లింకుకు దరఖాస్తు చేయలేదు. 2025 ఏప్రిల్ 30న అదే న్యాయమూర్తి దీన్ని బుద్ధిపూర్వక కోర్టు ధిక్కారమన్నారు. కంపెనీ ఆర్థిక విభాగం అధికారి ఒకరు ప్రమాణం చేసి అబద్ధమాడారని రాశారు. కోర్టు మాట విందామని లోపల వాదించినది ఎవరో కూడా ఆ తీర్పులోనే ఉంది. ఫిల్ షిల్లర్. ఈసారీ ఆయన మాట చెల్లలేదు. బయటి లింకుల మీద పైసా తీసుకోవద్దని న్యాయమూర్తి ఆదేశించగా, ఎంతోకొంత తీసుకోవచ్చా అన్న వాదన పై కోర్టుకు వెళ్లింది.

గూగుల్ కథ ఇందుకు తలకిందులు. ఆండ్రాయిడ్‌లో వేరే దుకాణం నుంచి యాప్ దించుకునే వీలు మొదటి నుంచీ ఉంది. అయినా 2023 డిసెంబర్ 11న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎపిక్ వేసిన దావాలో జ్యూరీ ఏకగ్రీవంగా గూగుల్‌ది గుత్తాధిపత్యమని తేల్చింది. తలుపు తెరిచే ఉందని చెబుతూ, ఎవరూ అటు వెళ్లకుండా పెద్ద గేముల కంపెనీలతో, ఫోన్ల తయారీదారులతో తెరచాటు ఒప్పందాలు చేసుకోవడమే కొంప ముంచింది. స్పాటిఫై సొంత పద్ధతిలో డబ్బు తీసుకుంటే గూగుల్‌కు ఏమీ కట్టనక్కర్లేదన్న సంగతి ఆ విచారణలోనే తెలిసింది. బేరమాడగలిగినవాడికి సున్నా, మిగతావాళ్లకు నిబంధన.

మన దేశంలో నూటికి తొంభైకి పైగా ఫోన్లు ఆండ్రాయిడ్‌వే కాబట్టి ఇక్కడ గొడవంతా గూగుల్‌తోనే. 2020 సెప్టెంబర్ 18న పేటీఎం యాప్ ప్లే స్టోర్ నుంచి కొన్ని గంటలు మాయమైంది. పది రోజులకే డిజిటల్ సరుకు అమ్మే యాప్‌లన్నీ తన బిల్లింగే వాడాలని గూగుల్ గట్టిగా చెప్పడంతో స్టార్టప్‌లు భగ్గుమన్నాయి. కాంపిటిషన్ కమిషన్ (సీసీఐ) విచారణ జరిపి 2022 అక్టోబర్ 25న 936.44 కోట్ల రూపాయల జరిమానా వేసింది. గూగుల్ సొంత యూట్యూబ్‌కు ఈ కమీషన్ భారం లేదని ఎత్తిచూపింది. ప్లే స్టోర్ చెల్లింపులో గూగుల్ పే అయితే నేరుగా తెరుచుకుని పిన్ అడిగేది, మిగతా యూపీఐ యాప్‌లకైతే ఐడీ టైపు చేసి రిక్వెస్టు కోసం ఎదురుచూడాల్సి వచ్చేది, ఇదీ వివక్షేనంది.

తర్వాత జరిగింది అమెరికాలో జరిగినదే. గూగుల్ వేరే బిల్లింగ్‌కు ఒప్పుకుంది, నాలుగు శాతం తగ్గించింది. 30 కట్టేవాళ్లకి 26. 2021 ఆగస్టులో ప్రపంచంలోనే తొలిసారి దీనిమీద చట్టం చేసిన దక్షిణ కొరియాలో కూడా తేలిన అంకె 26. డేటింగ్ యాప్‌ల కోసం నియంత్రణ సంస్థ పట్టుబట్టిన నెదర్లాండ్స్‌లో యాపిల్ అడిగింది 27. ఏ దేశం ఏ తీర్పిచ్చినా జవాబు ఒకే టైపు మిషన్ మీద కొట్టినట్టుంటుంది.

కట్టనన్నవాళ్లకి ఏమవుతుందో 2024 మార్చి 1న తెలిసింది. మాఘమాసం పెళ్లిళ్ల సీజన్ మధ్యలో భారత్ మ్యాట్రిమొనీ, షాదీ వంటి సంబంధాల యాప్‌లను, నౌకరీని, 99 ఏకర్స్‌ను, హైదరాబాద్ నుంచి నడిచే క్వాక్‌క్వాక్‌ను గూగుల్ తీసేసింది. కేంద్ర మంత్రి అశ్వినీ వైష్ణవ్ జోక్యం చేసుకున్నాక కొద్ది రోజుల్లో అవి తిరిగొచ్చాయి. భారత్‌లోని రెండు లక్షలకు పైగా డెవలపర్లలో రుసుము కట్టాల్సినవాళ్లు మూడు శాతమేనని గూగుల్ వాదన. లెక్క నిజమే కావచ్చు. ఆ మూడు శాతం కంపెనీలు శుక్రవారం ఉండి శనివారం లేకుండా పోవడం ఒక ప్రైవేటు సంస్థ చేతిలో ఉందన్నదానికి అది జవాబు కాదు.

2025 మార్చిలో అప్పిలేట్ ట్రైబ్యునల్ గూగుల్ జరిమానాను 216.69 కోట్లకు తగ్గించింది. నేరం జరిగాక జరిమానా కాకుండా పెద్ద వేదికలకు ముందే హద్దులు గీసే డిజిటల్ కాంపిటిషన్ బిల్లు ముసాయిదా 2024 మార్చిలో వెలువడి, ముసాయిదాగానే ఉండిపోయింది. తెలుగుతో కలిపి 12 భారతీయ భాషల్లో ఫోన్‌పే 2024లో తెరిచిన ఇండస్ యాప్ స్టోర్ ఉందిగానీ, కొత్త ఫోన్‌లో సిద్ధంగా వచ్చే దుకాణాన్ని దాటి అక్కడికి వెళ్లేవాళ్లు ఎందరు? జరిమానాలతో ఈ 30 తగ్గదు. పోటీ దుకాణాన్ని ఫోన్‌లో పెట్టనివ్వాలని, బయట డబ్బు కడితే వాటా అడగకూడదని చట్టమే చెప్పాలి. అది వచ్చేదాకా పాఠకులు చేయగలిగింది ఒకటుంది. యాప్‌లో చందా కట్టేముందు ఆ సంస్థ వెబ్‌సైట్‌లో ధర ఒకసారి చూడండి. ఐఫోన్ వాడేవారైతే తప్పకుండా చూడండి.