సోఫాకి ఏ తోలు మంచిది? కొనేముందు చూసుకోవాల్సినవి

ఇంట్లో నిఖా కుదిరిందంటే ముందుగా లెక్కేసే ఖర్చుల్లో సోఫా ఒకటి. జగ్గయ్యపేట, నందిగామ, వేదాద్రి వైపు కుటుంబాలు దానికోసం హైవే ఎక్కి విజయవాడకో, హైదరాబాద్‌కో వెళ్తాయి. ‘ప్యూర్ లెదర్’ అని చెప్పి అమ్మిన సోఫా రెండు మూడు వేసవులకే పొరలు పొరలుగా ఊడిపోతే, కొన్నవాళ్ల బాధ అంతా ఇంతా కాదు. ఒక్కోసారి సోఫా పోయినా దానికోసం చేసిన అప్పు ఇంకా తీరదు. అసలు చిక్కేమిటంటే, ‘లెదర్’ అనే ఒక్క మాట కింద అయిదారు రకాల సరుకు అమ్ముడవుతోంది. వాటి తేడా తెలిస్తే డబ్బు వృథా కాదు.

తోలులో రకాలు

సోఫాలకు ఎక్కువగా వాడేది ఆవు, ఎద్దు, గేదె జాతి తోలు. ఖుర్బానీలో మనం ఇచ్చే మేక, గొర్రె తోళ్లు చిన్నవి, పల్చనివి. అవి చెప్పులకు, బ్యాగులకు, జాకెట్లకు పోతాయి. పెద్ద పశువు తోలు మందంగా ఉంటుంది కాబట్టి మిషను మీద పొరలుగా చీలుస్తారు. ఏ పొర అన్నదాన్నిబట్టే ధర.

ఫుల్ గ్రెయిన్: వెంట్రుకలు ఉండే పైపొర. దీన్ని అరగదీయరు. పశువు ఒంటి మీది చిన్న చిన్న గీతలు, మచ్చలు అలాగే కనిపిస్తాయి. అన్నిటికన్నా గట్టిది, ఖరీదైనది.

టాప్ గ్రెయిన్: అదే పైపొర, కానీ మచ్చలు పోయేలా కొంచెం అరగదీసి రంగు వేస్తారు. కుటుంబం వాడే సోఫాకి ఇది చాలు.

స్ప్లిట్: కింది పొర. పైన ప్లాస్టిక్ పూత వేసి, అచ్చుతో తోలు గీతలు కొడతారు. చూడ్డానికి పైపొరలాగే ఉంటుంది గానీ బలం తక్కువ. ‘జెన్యూన్ లెదర్’ అని రాసి ఉన్నా అది ఈ రకం కావచ్చు. ఆ మాట అబద్ధం కాదు, అలాగని నాణ్యతకు గ్యారంటీ కూడా కాదు.

బాండెడ్: తోలు ముక్కలు, పొడి జిగురుతో కలిపి గుడ్డ మీద అతికించింది. త్వరగా ఊడిపోతుంది. లెదర్ ధర పెట్టి దీన్ని కొనకండి.

రెగ్జిన్, పీయూ: ఇవి తోలే కాదు, గుడ్డ మీద ప్లాస్టిక్ పూత. పీయూ మెత్తగా ఉంటుంది గానీ వేడికి, గాలిలో తేమకి, చెమటకి దాని పూత మెల్లగా విడిపోతుంది. మన వైపు మేలో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది, ఆ వెంటనే వానాకాలం. అందుకే పీయూ సోఫాలు ఇక్కడ తొందరగా పొట్టు రాలుస్తాయి.

రంగు వేసే పద్ధతి కూడా ముఖ్యమే

అనిలిన్ అంటే రంగు తోలు లోపలికి పట్టించడం. స్పర్శ హాయిగా ఉంటుంది గానీ చాయ్, నూనె మరక పడితే పోదు. పిగ్మెంటెడ్ అంటే పైన రంగు పూత వేయడం. మరకలు తుడిస్తే పోతాయి. పిల్లలు, వచ్చిపోయే మెహమాన్లు ఉన్న ఇంటికి పిగ్మెంటెడ్ టాప్ గ్రెయిన్ సరిపోతుంది.

ఇది ఎక్కడి నుంచి వస్తుంది?

మన దేశంలో తోలు శుద్ధికి పేరున్న ఊళ్లు కాన్పూర్, కలకత్తా, తమిళనాడులోని ఆంబూరు, వాణియంబాడి, రాణీపేట. ఆంబూరు, వాణియంబాడిల్లో ఈ వ్యాపారం తరతరాలుగా ముస్లిం కుటుంబాల చేతుల్లో పెరిగింది. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ 1948లో మొదలైంది. పాతకాలంలో దక్షిణాదిలో తంగేడు చెక్క, కరక్కాయలతో తోలు పదును చేసేవాళ్లు. సోఫాకి మెత్తదనం కావాలి కాబట్టి ఇప్పుడు ఎక్కువగా క్రోమియం లవణాలు వాడతారు. ఆ మురుగునీరు పాలారు నదిని పాడుచేసిందని సుప్రీంకోర్టుకెళ్లిన కేసులో 1996లో తీర్పు వచ్చింది. తక్కువ ధర వెనక ఇలాంటి ఖర్చు కూడా ఉంటుంది.

పాక్ సంగతి

చాలామంది అమ్మీలు అడిగే ప్రశ్న: సోఫా తోలు పంది తోలు అయితే? సోఫా పైభాగానికి ఎక్కువగా వాడేది పశువు తోలే. పంది తోలు సాధారణంగా చెప్పుల, బూట్ల లోపలి లైనింగులో కనిపిస్తుంది. దాని మీద వెంట్రుకల రంధ్రాలు మూడేసి గుంపులుగా ఉంటాయి. హనఫీ ఫిఖ్ ప్రకారం దబాగత్ చేసిన తోలు పాక్ అవుతుంది, పంది తోలు మాత్రం కాదు. కాబట్టి ‘ఏ జంతువు తోలు?’ అని దుకాణంలో సిగ్గుపడకుండా అడగండి. ఇంకా సందేహం ఉంటే మీ ఆలిమ్‌ని అడగండి.

దుకాణంలో ఏం చూడాలి?

కుషన్ జిప్పు తీసి తోలు వెనకవైపు చూడండి. అసలు తోలైతే పీచులాగా, గరుకుగా ఉంటుంది. నేసిన గుడ్డ కనిపిస్తే అది రెగ్జినో, బాండెడో.

బొటనవేలితో నొక్కండి. పైపొర తోలు మీద సన్నని ముడతలు పడి పోతాయి. అచ్చు కొట్టిన గీతలు ఒకే నమూనాలో మళ్లీ మళ్లీ వస్తుంటాయి.

వాసనని నమ్మొద్దు, అది పూతలో కలిపింది కూడా కావచ్చు. నీటిచుక్క పరీక్ష కూడా పనికిరాదు. పూత ఉన్న అసలు తోలు సైతం నీరు పీల్చదు.

‘మొత్తం తోలేనా, కూర్చునేచోట మాత్రమేనా?’ అని అడగండి. చాలా సోఫాల్లో పక్కలకి, వెనక్కి రెగ్జిన్ వేస్తారు. అది తప్పు కాదు గానీ ధర కూడా ఆ మేరకు తగ్గాలి.

‘టాప్ గ్రెయిన్, గేదె తోలు, మొత్తం తోలే’ అని బిల్లు మీద రాయించుకోండి. రాయనంటే ఆ దుకాణం వదిలేయండి. బిల్లులో రాసినదానికీ సరుక్కీ తేడా వస్తే 1915కి ఫోన్ చేయవచ్చు, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో చెల్లించిన ధర అయిదు లక్షల లోపైతే ఫిర్యాదుకు ఫీజు లేదు.

మన ఊళ్లలో వాడకం

జగ్గయ్యపేట చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు, రోడ్డు మీద లారీల దుమ్ము. సన్నని దుమ్ము గరుకు కాగితంలా తోలుని గీరేస్తుంది. వారానికోసారి మెత్తటి పొడిగుడ్డతో, నెలకోసారి కాస్త తడిగుడ్డతో తుడవండి. కొబ్బరినూనె, కిరోసిన్, ఫినాయిల్ పూయొద్దు. తలనూనె తగిలేచోట ఓ తువ్వాలు వేయండి. పడమటి కిటికీ ఎండ నేరుగా పడనివ్వొద్దు. కృష్ణ ఒడ్డున ఉన్న వేదాద్రి లాంటి ఊళ్లలో వానాకాలం బూజు పడితే పొడిగుడ్డతో తుడిచి నీడలో ఆరబెట్టండి, ఎండలో కాదు. ఏడాదికి రెండుసార్లు లెదర్ కండిషనర్ చాలు.

చివరగా ఒక మాట. ఏసీ లేని ఇంట్లో వేసవి మధ్యాహ్నం తోలు సోఫా వేడెక్కి ఒంటికి అంటుకుంటుంది. అలాంటి ఇంటికి గట్టి కర్ర సోఫా, ఉతుక్కునే నూలు కవర్లే హాయి. నాసిరకం ‘లెదర్’కి పెట్టే డబ్బుతో అది ఎక్కువ ఏళ్లు ఉంటుంది. జహేజ్ కోసం అప్పు చేసి మరీ తోలు సోఫా కొనాల్సిన పని ఎవరికీ లేదు.