అకీకు రాయి ఏ ఊరిది?

2007లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వెనకబడిన ముస్లింలకు నాలుగు శాతం రిజర్వేషన్ ఇస్తూ ఒక చట్టం చేసింది. దాని చివర ఒక పట్టిక ఉంది. అచ్చుకట్లవాళ్ళు, అత్తరు సాయిబులు, ధోబీ ముస్లింలు, ఫకీర్లు, గారడీ సాయిబులు, హజాములు... ఇలా సాగుతుంది. అందరూ దాన్ని కోటా కాగితంలా చదువుతారు. మేం చరిత్ర పుస్తకంలా చదువుతాం. ఎందుకంటే మా గురించి రాసిన చరిత్ర పుస్తకాల్లో సుల్తానులున్నారు, ఫౌజుదార్లున్నారు, ఖిల్లాలున్నాయి. చేతులు లేవు. ఆ పట్టికలో చేతులున్నాయి.

అందులో ఒక వరస రాతి పనివాళ్ళది. తురక కాశ. రోళ్ళకు కక్కు కొట్టేవారు. పత్తర్ ఫోడులు. ఇవన్నీ కులాల పేర్లని ప్రభుత్వం అంటుంది. నిజానికి ఇవి పనుల పేర్లు. అరిగిపోయిన తిరగలికి, రోటికి ఉలితో గంట్లు పెట్టి మళ్ళీ పదును తెచ్చే మనిషికి ఊరు పెట్టిన పేర్లు. ఇంకో వరసలో సిద్దీలు, హబ్షీలు ఉన్నారు. ఆఫ్రికా నుంచి వచ్చిన వాళ్ళ సంతానం. ఈ రెండు వరసలకూ మధ్య ఒక రాయి ఉంది. ఆ రాయి కథే చెప్పబోతున్నాం.

మా ఇళ్ళల్లో పెద్దవాళ్ళ వేలికి వెండి ఉంగరం ఉంటుంది. అందులో అకీకు. ఎరుపో, తేనె రంగో. ఈద్ నమాజుకి కొత్త బట్టలు, అత్తరు, ఆ ఉంగరం. ప్రవక్త వేలికి వెండి ఉంగరం ఉండేదనీ, దాని రాయి హబషీ రాయి అనీ సహీ ముస్లింలోని ఒక హదీసు చెబుతుంది. అందుకని అకీకు అంటే అరబ్బు దేశాన్నుంచి వచ్చిన పవిత్రమైన రాయి అని మాలో చాలామంది అనుకుంటారు. యెమెన్‌ది అయితే మరీ గొప్ప. హజ్‌కి వెళ్ళొచ్చిన వాళ్ళు మక్కా నుంచి తస్బీ పూసలు తెచ్చి పంచితే కళ్ళకద్దుకుంటాం. మమ్మల్ని పరాయివాళ్ళనేవాళ్ళూ ఇదే మాట ఇంకో గొంతుతో అంటారు. వాళ్ళ దేవుడు అక్కడ, వాళ్ళ పండగ అక్కడిది, వాళ్ళ వేలి మీది రాయి కూడా అక్కడిదే అని.

యెమెన్‌లో అకీకు దొరకదని కాదు. దొరుకుతుంది, పేరున్నదే. కానీ కొన్ని శతాబ్దాలుగా అరేబియాకీ, తూర్పు ఆఫ్రికాకీ ఎగుమతైన అకీకులో పెద్ద వంతు గుజరాత్‌లోని ఖంబాత్ నుంచి వెళ్ళింది. సూడాన్‌లో దొరికే ఎర్రపూసల మూలం ఖంబాత్ అని ఆర్కెల్ అనే పండితుడు 1936లోనే ఒక వ్యాసం రాశాడు. ఎక్కడెక్కడి హాజీలో మక్కాలో ఈ పూసలు కొనుక్కుని పవిత్ర వస్తువుగా ఇంటికి తీసుకుపోయారు. అంటే హిందూస్తాన్ సాయిబు అరగదీసిన పూస మక్కా వెళ్ళి, అక్కడ బరకతు సంపాదించుకుని, హాజీ సంచిలో మళ్ళీ హిందూస్తాన్ వచ్చినా ఆశ్చర్యం లేదు. తెచ్చినాయనకి తెలియదు, పుచ్చుకున్నవాళ్ళకీ తెలియదు.

మరి ఖంబాత్‌కి రాయి ఎక్కడిది? భరూచ్ జిల్లాలోని రతన్‌పూర్ గుట్టల్లో తవ్వుతారు. అక్కడ బాబా ఘోర్ దర్గా ఉంది. ఆయన హబషీ. అకీకు పని తొలిసారి నేర్పింది ఆయనేనని పనివాళ్ళ నమ్మకం. దర్గా చూసుకునేది సిద్దీలు. రాయి తవ్వే భిల్లులు, పూస చెక్కే హిందువులు, ముస్లింలు అందరూ ఆయనకు మొక్కుతారు. ఒకరకం రాయికి బాబాఘోరీ అనే పేరే స్థిరపడింది. మన చట్టం పట్టికలో ఒక వరసకు కుదించిన హబ్షీ అక్కడ ఒక పరిశ్రమకు పీరు! చరిత్రకారులు దీన్ని కట్టుకథ అనొచ్చు. పని అంతకన్నా చాలా పాతదన్నది నిజమే. సింధు నాగరికత కాలంలోనే చన్హుదారో, లోథాల్‌లలో ఎర్ర పూసలు చేశారు. అవి ఇరాక్‌లోని ఉర్ రాజుల సమాధుల దాకా పోయాయి. అంటే ఈ పని ఇస్లాం కన్నా పాతది, ఇప్పుడు మనం హిందూమతం అంటున్నదాని కన్నా కూడా పాతది. పని ఒక చేతి నుంచి ఇంకో చేతికి పోతూ వచ్చింది. చేతులు కలమా చదివినప్పుడు పనీ వాటితో వచ్చింది. అంతే.

గోదావరి వాళ్ళం మాకేమిటి ఇందులో అనుకోవద్దు. అకీకు పుట్టేది నల్లరాతి పొరల్లో. లావా చల్లారినప్పుడు లోపల మిగిలిన గాలి బుడగల్లోకి సిలికా చేరి, పొరలు పొరలుగా గడ్డకట్టి అకీకు అవుతుంది. దక్కనులో పెద్ద భాగం ఆ లావాయే. గోదావరి త్ర్యంబకం దగ్గర పుట్టేదీ ఆ నల్లరాతి మీదే. దాన్ని కోసుకుంటూ 1465 కిలోమీటర్లు నడిచి మన దగ్గర సముద్రంలో కలుస్తుంది. వస్తూ వస్తూ గులకరాళ్ళు దొర్లించుకొస్తుంది. ఇసకలో ఏరుకున్న నున్నటి ఎర్రరాయి, పాలరంగు చారల రాయి అకీకు జాతివే. రాజమండ్రి పక్కన కాతేరులో, ఏటికి ఆవల కొవ్వూరు వైపు పంగిడిలో క్వారీలు కొట్టే నల్లరాయి కూడా దక్కను లావా తునకే. సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ళ కిందట పడమటి నుంచి పారి వచ్చి ఇక్కడ ఆగింది. రాయి వలస ఇంత పాతది, మనుషుల వలసల మీద తగాదాలు మాత్రం నిన్న మొన్నటివి.

ఇంకో సాక్ష్యం ఉంది. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో ఒక గ్రీకు నావికుడు రాసుకున్న పెరిప్లస్‌లో, పైఠన్ నుంచి చారల అకీకు బండ్ల మీద భరూచ్ రేవుకి పెద్ద ఎత్తున వస్తుందని ఉంది. పైఠన్ అంటే శాతవాహనుల ప్రతిష్ఠానపురం. గోదావరి ఒడ్డున ఉంది. ఆ రోజుల్లో రోము దొరసానుల మెడల్లోకి పోయిన రాళ్ళల్లో గోదావరి నీళ్ళు తాగినవి ఉన్నాయి. ఎర్ర గార్నెట్ కథా ఇలాంటిదే. కొత్తగూడెం దగ్గర గరీబ్‌పేట అని ఒక చోటుంది. పేరు చూడండి, పేదోళ్ళ పేట! ఆ గుట్ట చుట్టూ మట్టిలో గార్నెట్ రాళ్ళు దొరుకుతాయి. పుదుచ్చేరి దగ్గర అరికమేడులో దొరికిన ప్రాచీన గార్నెట్ పూసల్ని రత్నశాస్త్రజ్ఞులు ఈమధ్య పరీక్షించి, అవి గరీబ్‌పేట రాయితో సరిపోతున్నాయని తేల్చారు. పాపికొండల ఖోండలైటులోనూ ఈ గార్నెట్ గింజలే, అంతర్వేది తీరం ఇసకలోనూ అవే. కాకపోతే అక్కడ నగకు పనికిరానంత చిన్నవి.

రాయి దొరికితే నగ కాదు. ఖంబాత్ పనివాళ్ళు రాయిని ముందు నెలల తరబడి ఎండబెడతారు. తర్వాత మట్టికుండల్లో పెట్టి పిడకల సెగలో కాలుస్తారు. లోపలి తేమ పోతుంది, రాయిలోని ఇనుము ఎర్రబడుతుంది. బూడిద రంగు రాయి ఎర్ర అకీకు అయ్యేది అక్కడే. ఎరుపు సగం భూమిది, సగం పిడకది. తర్వాత నేలలో పాతిన ఇనప ముల్లుకి రాయిని ఆనించి, గేదెకొమ్ము సుత్తితో తట్టి పెచ్చులు లేపుతారు. ఇనప సుత్తి అయితే రాయి పగిలిపోతుంది. కొమ్ము మెత్తన, దెబ్బ రాయి లోపలికి దిగకుండా పెచ్చును మాత్రమే లేపుతుంది. తర్వాత సాన. కొనకు చిన్న వజ్రపు ముక్కలు పొదిగిన బరమాను విల్లుతో తిప్పుతూ బెజ్జం వేస్తారు. చివరగా మెరుగు. పూర్వం పూసల్ని, కురువిందం పొడిని, నీళ్ళను తోలు సంచిలో పోసి మూతి కట్టి, ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని సంచిని రోజుల తరబడి అటూ ఇటూ దొర్లించేవాళ్ళు. పూస పూసను రాసుకుని మెరిసేది. ఇప్పుడు కరెంటు డ్రమ్ములు తిరుగుతున్నాయి.

సాన గురించి ఒక మాట చెప్పాలి. సానబెట్టిన వజ్రం అని తెలుగులో ఎంత తేలిగ్గా అనేస్తాం! ఆ సాన ఏమిటి? కురువిందం పొడిని కరిగించిన లక్కలో కలిపి బిళ్ళగా పోస్తే అదే సాన చక్రం. ఇంగ్లీషువాళ్ళ ‘కొరండం’ అనే మాట మన దక్షిణాది కురువిందం నుంచే పోయింది. లక్క పొడిని పట్టి ఉంచుతుంది, పొడి రాయిని కోస్తుంది. ఈ లక్కే ఇంకో చోట రాయిని కోయకుండా కావలించుకుంటుంది. అది లక్కగాజు.

రంజాన్ నెల సగం దాటగానే రాజమండ్రిలో గాజుల కొట్లకు హైదరాబాదు సరుకు దిగుతుంది. లాడ్ బజార్ గాజులు. చాంద్ రాత్‌కి ఆడపిల్లలు అవి వేసుకోవాల్సిందే. రాళ్ళు పొదిగిన లక్కగాజులు మా వాళ్ళే కాదు, పెళ్ళిళ్ళకి హిందూ ఇళ్ళవాళ్ళూ కొంటారు. లక్కను బొగ్గుల కుంపటి మీద మెత్తబరిచి, తాడులా సాగదీసి, చుట్టి, కొయ్య రూళ్ళమీద గుండ్రం తెచ్చి, మళ్ళీ వేడి చూపించి, సూది మొనతో ఒక్కొక్క రాయినీ అద్దుతారు. ఆ రాయిని మేం నగీనా అంటాం. ఇప్పుడు నగీనా అంటే గాజుముక్కే. లక్క చల్లారే లోపల రాయి కూర్చోవాలి. ఆలస్యమైతే అంటదు, తొందరపడితే మునుగుతుంది. వేళ్ళు కాలతాయి. ఈ పని చేసేది ఎక్కువగా పాతబస్తీ ఇళ్ళల్లో ఆడవాళ్ళు, లెక్క డజన్ల మీద. దళారీ సరుకిచ్చి పోతాడు, మళ్ళీ వచ్చి తీసుకుపోతాడు. కొట్లో రేటు ఆమెకు తెలియదు, కొట్టుకు ఆమె పేరు తెలియదు.

గోదావరి వాళ్ళకు ఈ సంగతి కొత్త కాదు. నర్సాపురం లేసు ఉంది కదా. మరియా మీస్ అనే జర్మన్ ఆవిడ నర్సాపురం లేసు కార్మికుల మీద 1982లో పుస్తకం రాసింది. వాళ్ళను ఇల్లాళ్ళని పిలిచి, పనిని తీరిక కాలక్షేపమని పేరుపెట్టి, ప్రపంచ మార్కెట్టుకి సరుకు తీయడమెలాగో అందులో విప్పింది. కాపు ఆడపడుచు చేతిలో కొక్కెం, ముస్లిం ఆడపడుచు చేతిలో సూది. ఘోషా ఇద్దరికీ ఉంది, పేర్లే వేరు. 2024లో హైదరాబాదు లక్కగాజులకీ, నర్సాపురం లేసుకీ భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుర్తింపు సరుక్కి వచ్చింది, ఊరికి వచ్చింది. చేసిన మనిషికి రాలేదు.

ఖంబాత్‌లో ఇంతకన్నా ఘోరం ఉంది. అకీకు అంటే సిలికా. సాన మీద అరిగిన రాయి పొడిగా లేచి ఊపిరితిత్తుల్లో చేరుతుంది. అక్కడే ఉంటుంది. దగ్గు, ఆయాసం, సిలికోసిస్, దాని వెనకే క్షయ. అహ్మదాబాదులోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ వాళ్ళు దీన్ని పరిశీలించి చెప్పి దశాబ్దాలయింది. సాన చాలాచోట్ల ఇంట్లోనే, ఫ్యాక్టరీ చట్టం వర్తించని చోట. పక్కనే వంట, పక్కనే పసిపిల్లలు. ఊపిరాడక చచ్చిపోతున్న వాళ్ళు తిప్పిన పూస మీద మేం అల్లా పేరు తలుచుకుంటున్నాం. మౌల్వీలు అకీకు ధరించడం వల్ల పుణ్యం ఎంతో చెబుతారు. అకీకు అరగదీసే వాడి గురించి ఒక్క జుమ్మా ఖుత్బాలోనైనా చెబితే వినాలని ఉంది.

ఇక్కడ మా ఇంటి తగువు కూడా దాచుకోం. 2007 చట్టం సయ్యదులు, మొగలులు, పఠాన్లు, అరబ్బులు, ఇరానీలు మొదలైనవాళ్ళను పట్టికలోంచి తీసేసింది. ఇస్లాంలో కులం లేదని మేం వేదికలెక్కి చెప్పుకునే మాటకు అది అసెంబ్లీ ఇచ్చిన జవాబు. పెళ్ళి సంబంధం దగ్గర పత్తర్ ఫోడు ఎవరో, సయ్యద్ ఎవరో మా అందరికీ తెలుసు. అరబ్బు వంశవృక్షం ఉన్నవాడికి అకీకు ఉంగరం, ఆ రాయి కొట్టినవాడికి వెక్కిరింపు పేరు. మమ్మల్ని పరాయివాళ్ళనేవాళ్ళకు మా పెద్దలు ఇచ్చే జవాబులో కూడా రాజులే ఉంటారు. రాజమండ్రి మసీదు శాసనం చూపిస్తారు. హిజ్రీ 724 రంజాన్, అంటే 1324. ఉలుగ్ ఖాన్ రోజుల్లో సాలార్ ఉల్వీ కట్టించాడని దానిలో ఉంది. అంతకుముందు అక్కడ గుడి ఉండేదనే వాదన వెంటనే వస్తుంది. రాజుల లెక్క రాజులు తేల్చుకోవాలి, ఏడు వందల ఏళ్ళ తర్వాత దానికి బాకీ కట్టమని రోళ్ళకు గంట్లు పెట్టేవాణ్ణి అడగడమేమిటి? ఆ శాసనంలో కట్టించినవాడి పేరుంది. అక్షరాలు చెక్కినవాడిది లేదు. అతను తురకో, కాశో, ఈ ఏటి ఒడ్డున పుట్టి మొన్న మొన్ననే కలమా చదివినవాడో!

ఆ చట్టాన్ని 2010 ఫిబ్రవరిలో హైకోర్టు కొట్టేసింది. మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో కొనసాగనిచ్చింది. ఆ ఉత్తర్వు మీదే మా పిల్లలు కాలేజీల్లో సీట్లు తెచ్చుకుంటున్నారు. తిరగళ్ళు పోయి మిక్సీలు వచ్చాయి, కక్కు కొట్టే ఉలికి పని లేదు. సర్టిఫికెట్టు కోసం తాసిల్దారు ఆఫీసుకెళ్ళిన కుర్రాణ్ణి మీ వృత్తేమిటని అడిగితే, తాత చేసిన పని పేరు చెప్పడానికి నామోషీ పడుతున్నాడు. లక్క మీద నగీనాలు అద్దే ఆడమనిషికి ఆ ఇబ్బంది కూడా లేదు. ఆ పట్టిక వరసల్లో ఆమె పనికి పేరే లేదు. ఆమె కూతురు షేక్ అనే వరసలో దరఖాస్తు పెట్టుకుంటుంది.